పోయొస్తానన్నందుకు

మా పక్కింటి పెద్దాయన చనిపోయినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. గోడకు గోడ ఆనుకుని పదేళ్లు బతికిన ఇళ్లు మావి. ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ‘ఏం అల్లుడూ’ అనేవాడు. మా ఆవిడను ‘బిడ్డా’ అనేవాడు. పాడె లేచేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. మోయడానికి నన్నెవరూ పిలవలేదు, నేనూ ముందుకు పోలేదు. మూడో రోజు పలకరించడానికి వెళ్లి ఒక మూలన కూచున్నాను. లేచేటప్పుడు ఆయన కొడుకు చేయి పట్టుకుని, ‘పోయొస్తా అన్నా’ అన్నాను.

గది బిగుసుకుపోయింది. ఒక పెద్దావిడ మొహం తిప్పుకుంది. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే లోపలి మాట చెవిన పడింది. ‘వీళ్లకేం తెలుస్తయి మన పద్ధతులు!’

చావింట్లో పోయొస్తానని చెప్పకూడదు. వచ్చినవాళ్లు చెప్పకుండా లేచి పోవాలి. మళ్లీ వస్తానంటే మళ్లీ ఇలాంటి పని మీదే రావాలని కోరినట్టు. ఈ సంగతి బళ్లో ఎవరూ చెప్పరు, ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. పుట్టిన ఇంట్లో చూసి నేర్చుకుంటారు. నేను పుట్టిన ఇంట్లో వేరే నేర్చుకున్నాను.

దీనికి పదిహేనేళ్ల ముందు మా అబ్బా పోయారు. నా చిన్ననాటి స్నేహితుడు, హిందువు, జనాజా వెంట ఖబ్రస్తాన్ దాకా నడిచాడు. మూడో రోజు జియారత్‌కి కూడా వచ్చాడు. ఖురాన్ చదువుతున్నవాళ్ల పక్కన తలకు దస్తీ కట్టుకుని కూచున్నాడు. కాసేపటికి చూస్తే లేడు. ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. అమ్మీ మనసు కష్టపెట్టుకుంది. ‘బోల్కే తో జానా థా’ అంది. చెప్పి పోవాల్సింది కదా అని. మా ఇళ్లలో పుర్సాకి వచ్చినవాళ్లు ఇంటి పెద్ద దగ్గర కూచుని, సబర్ చేయమని, అల్లా హిమ్మత్ ఇస్తాడని చెప్పి, సెలవు తీసుకుని పోతారు. చెప్పకుండా పోవడమంటే అలిగి పోవడమే. మా వాళ్లెవరైనా అతన్ని ఏమైనా అన్నారా అని ఇంట్లో ఒక పూటంతా విచారణ జరిగింది. అతను తన మర్యాదంతా మాకిచ్చి వెళ్లాడని నాకు అర్థం కావడానికి, నేను చావింట్లో పోయొస్తానని చెప్పి తిట్లు తినాల్సి వచ్చింది.

రెండూ ఒకే రకం పొరపాట్లు. ఒకరి ఇంటి నియమం ఇంకొకరి ఇంట్లో తిరగబడింది, అంతే. తీర్పులు మాత్రం ఒకటి కాలేదు. అతను లేచిపోతే మేము ‘అతనికేమైంది’ అనుకున్నాం. నేను నోరు జారితే వాళ్లు ‘వీళ్లకేం తెలుసు’ అనుకున్నారు. అతని తప్పు ఒక మనిషిది. నా తప్పు ఒక కౌమ్‌ది. అతనికి ఏకవచనం, నాకు బహువచనం. తెలుగులో మర్యాద కోసం వాడే బహువచనం కాదిది. ఈ బహువచనం గురించే నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

మాటల వెనక మాట్లాడని నియమాలుంటాయని భాషా శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. జాన్ గంపెర్జ్ అనే అమెరికన్ పండితుడు 1982లో అచ్చయిన తన పుస్తకంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. బ్రిటన్‌లో ఒక పెద్ద విమానాశ్రయం. అక్కడి ఉద్యోగుల క్యాంటీన్‌లో కొత్తగా చేరిన భారతీయ, పాకిస్తానీ ఆడవాళ్లు వడ్డించేవారు. వీళ్లకు మర్యాద లేదని, పొగరని పైవాళ్లూ తినేవాళ్లూ ఫిర్యాదు చేశారు. గొంతులు రికార్డు చేసి చూస్తే తేలిందేమిటి? మాంసంతో పాటు గ్రేవీ వేయమంటారా అని అడగడానికి ఇంగ్లీషు ఆవిడ ‘గ్రేవీ’ అనే మాటను చివర్న పైకి లేపి పలుకుతోంది. మనవాళ్లు అదే మాటను చివర్న కిందికి దించి పలుకుతున్నారు. మనవాళ్ల చెవికి అది అడగడమే. ఇంగ్లీషువాళ్ల చెవికి మాత్రం ‘ఇది గ్రేవీ, తింటే తిను’ అన్నట్టు వినిపించింది. ఒక్క మాట, ఒక్క స్వరం! దానికి ఒక జాతి మొత్తం పొగరుబోతు జాతి అయిపోయింది. టేపు వినిపించాక పనివాళ్లకూ అర్థమైంది, పైవాళ్లకూ అర్థమైంది.

ఇక్కడ మన టేపు ఎవరు వినిపించాలి? సాహిత్యం ఆ పని చేయాలి. చేసిందా అన్నదే నా ప్రశ్న.

అంతకంటే ముందు ఒక మాట. మన రెండిళ్ల నియమాలూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరంలో లేవు. అలా ఉన్నాయని అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

తెలుగింట్లో దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. ఉర్దూలో కూడా దీపం ఆర్పమని చెప్పడానికి ‘చిరాగ్ బఢావో’ అంటారు. అంటే పెంచమని. దుకాణం మూసేటప్పుడు ‘దుకాన్ బఢానా’, భోజనాలయ్యాక దస్తర్‌ఖాన్ తీసేటప్పుడు ‘దస్తర్‌ఖాన్ బఢానా’. ఆరడం, మూయడం, తీసేయడం అనే మాటలు నోట రాకూడదని ఇద్దరికీ ఒకటే భయం. తెలుగావిడ మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు, ఏమండీ అంటుంది. మా నానీ కూడా మా నానాను పేరు పెట్టి పిలవలేదు, పెద్ద కూతురి పేరు చెప్పి ‘ఫలానా కే అబ్బా’ అనేది. బయటికి పోయేవాణ్ణి ఎక్కడికని అడిగితే అపశకునమని మీరంటారు. దాన్నే మేము ‘టోక్నా’ అంటాం. పిల్లవాడు ముద్దుగా ఉన్నాడంటే మీకు దిష్టి భయం. మేము ‘మాషా అల్లా’ అనకుండా పిల్లల్ని పొగడం.

గడప దాటేటప్పుడు తెలుగువాడు ‘పోతున్నా’ అనడు, ‘పోయొస్తా’ అంటాడు. దక్కనీ మాట్లాడే మేము ‘జాకే ఆతుఁ’ అంటాం. అక్షరాలా పోయొస్తానే. ‘రేపు వస్తానని చెప్పాడు’ అనే తెలుగు వాక్యాన్ని దక్కనీలో ‘కల్ ఆతుఁ బోల్కే బోలా’ అంటాం. ఆ ‘బోల్కే’ తెలుగు ‘అని’ కూచునే చోటే కూచుంటుంది. లక్నో ఉర్దూ అయితే ‘ఉస్‌నే కహా కే’ అని మొదలుపెట్టి, చెప్పిన మాటను తర్వాత పెడుతుంది. మాటలు ఉర్దూవి, వాక్యం కట్టే తీరు తెలుగుది. మహారాష్ట్రలోని సాంగ్లి జిల్లాలో కుప్వాడ్ అనే ఊరి మీద గంపెర్జ్, రాబర్ట్ విల్సన్ కలిసి 1971లో ఒక పరిశోధన అచ్చేశారు. అక్కడ కన్నడ, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు వందల ఏళ్లుగా ఎవరి ఇంట్లో వారి భాషే మాట్లాడుకుంటున్నారు. మాటలు వేరు. వ్యాకరణం మాత్రం, మాటకు మాట మార్చి పెట్టుకునేంతగా, దాదాపు ఒకటే అయిపోయింది. మా దక్కనీ కథ కూడా అలాంటిదే. మేము తెలుగు నేలను నాలుక మీద మోస్తూనే ఉన్నాం. ఎవరూ గమనించలేదు.

ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నప్పుడు మరి ఎక్కడ తేడా వస్తుంది? ఎక్కువగా ‘నువ్వు’, ‘మీరు’ దగ్గర వస్తుంది.

మా చిచ్చా ఒకసారి భూమి కాగితం కోసం ఒక ఆఫీసుకి పోయాడు. వెంట నేనున్నాను. చిచ్చా చేతులు కట్టుకుని ‘సారూ, నువ్వు జర చూడు సారూ’ అన్నాడు. బల్ల అవతలి మనిషి ఫైలు మూసేశాడు. ‘నన్ను నువ్వంటావా? మర్యాద ఇచ్చి మాట్లాడు’ అన్నాడు. మర్యాద అడిగిన ఆ వాక్యంలోనే చిచ్చాకి మర్యాద లేదు. ఆయన వయసు అప్పటికి అరవై దాటింది. కాగితం ఆ రోజు రాలేదు. ఆ తర్వాత మూడుసార్లు తిరిగాడు. ఇంటికొచ్చాక చిచ్చాకి అర్థం కాని సంగతి ఒక్కటే. ‘సారూ అన్నా కదరా’ అన్నాడు.

ఉర్దూలో మూడు మెట్లున్నాయి. తూ, తుమ్, ఆప్. పల్లెటూరి దక్కనీలో ఆప్ తక్కువ. పెద్దవాళ్లనూ అత్తమామలనూ కూడా ‘తుమే’ అనే అంటారు. అందులో అగౌరవం ఏమీ లేదు. తెలుగులో ఉన్నవి రెండే మెట్లు. మధ్య మెట్టు మీద నిలబడ్డవాడు తెలుగులోకి దిగితే కాలు ‘నువ్వు’ మీద పడుతుంది. ఇందులో కౌమ్ తప్పేముంది? పైగా చిచ్చా మాట్లాడింది తెలంగాణ పల్లె తెలుగు. అక్కడ అన్ని కులాలవాళ్లూ పెద్దవాళ్లను నువ్వనే అంటారు. పటేల్ దగ్గరా దొర దగ్గరా తప్ప ‘మీరు’ ఎక్కువగా వినపడదు. మాట మాటకూ అండీ చేర్చేది కోస్తా జిల్లాల అలవాటు. ఆ జిల్లాల్లో కొన్ని ఇళ్ల అలవాటు పాఠ్యపుస్తకానికీ, రేడియోకీ, సినిమాకీ ఎక్కి తెలుగు మర్యాద అయి కూచుంది. చిచ్చా అక్కడ మూడుసార్లు ఓడిపోయాడు. పల్లెవాడుగా ఒకసారి, తెలంగాణవాడుగా ఒకసారి, సాయిబుగా ఒకసారి. మొదటి రెండు ఓటముల్లో ఆయనకు తోడు చాలామంది ఉన్నారు. వాళ్ల యాసల తరఫున మాట్లాడిన రచయితలూ ఉన్నారు. మూడోదానిలో ఆయన ఒంటరి.

ఇప్పుడు సాహిత్యం సంగతికి వస్తాను. ఎవరి నోట వారి మాట పెట్టాలని తెలుగు రచయితకు కొత్తగా నేర్పనక్కర్లేదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటికే ఆ పాఠం అయిపోయింది. బ్రాహ్మణ అగ్రహారం మాట వేరు, బంట్రోతు మాట వేరు, సాని ఇంటి మాట వేరని తెలిసిన భాష ఇది. అలాంటి భాష ముస్లిం పాత్ర దగ్గరికి వచ్చేసరికి దశాబ్దాల పాటు ఏం చేసింది? ‘నిమ్మల్కీ నమ్మల్కీ’ అనిపించింది. ‘నేను వస్తది, నువ్వు పోతది’ అనిపించింది. నాటకంలో, సినిమాలో, హాస్య కథలో సాయిబు రాగానే జనం నవ్వడానికి సిద్ధమయ్యేవారు.

ఆ భాష మా ఊళ్లో ఎవరైనా మాట్లాడతారా? కొత్తగా తెలుగు నేర్చుకునేవాళ్లు తడబడతారు. మేమూ తడబడి ఉంటాం. కానీ ఆ దొంగ భాషను ఒకసారి శ్రద్ధగా చదవండి. అందులో ‘మీరు’ లేదు. ‘అండి’ లేదు. ‘వస్తారు, కూచోండి, దయచేయండి’ లేవు. క్రియలన్నీ ‘తది’తో ముగుస్తాయి. అంటే ఆ పాత్ర కోరుకున్నా సరే ఎవరికీ మర్యాద ఇవ్వలేదు. మర్యాద చెప్పే ప్రత్యయాలన్నీ ఊడదీసి, ఆ తర్వాత వీడికి మర్యాద తెలియదని నవ్వారు. చేతులు నరికి, నమస్కారం పెట్టలేదని కోప్పడడం లాంటిదిది. ఇందులో రచయితల దురుద్దేశం వెతకను. చాలామంది మంచివాళ్లే, కొందరు మా స్నేహితులే. వాళ్లు మా ఇళ్లలోకి వచ్చి వినలేదు. విన్నది తెర మీద. రాసింది మళ్లీ తెర కోసం.

రెండో రకం పాత్ర ఇంకా ఉత్తముడు. ఈ సాయిబు హీరోకి ప్రాణమిస్తాడు. అభ్యంతరం అక్కడ లేదు. ప్రాణమిచ్చేదాకా అతను మామూలు మాట ఒక్కటీ మాట్లాడడు. నోరు తెరిస్తే అల్లా, ఖుదా, ఖసమ్. ఉల్లిగడ్డ ధర గురించి, అల్లుడి పోరు గురించి, పిల్లవాడి లెక్కల మార్కుల గురించి అతనికి చెప్పుకోవడానికేమీ ఉండదు. మేము రోజంతా మతం మాట్లాడుకుంటామని ఎవరు చెప్పారు? మా మాటల్లో ‘ఇన్షా అల్లా’ ఉంటుంది, నిజమే. రేపటి గురించి చెప్పేటప్పుడు రేపు నా చేతిలో లేదని ఒప్పుకునే మాట అది. మీరు ‘దేవుడి దయ ఉంటే’ అన్నట్టే. నేను రేపు డబ్బు ఇస్తాను ఇన్షా అల్లా అంటే, ఒక మిత్రుడు నవ్వి ‘అంటే ఇవ్వనట్టేగా’ అన్నాడు. అతను అదే నోటితో ‘చూద్దాం లెండి’ అంటుంటాడు. తెలుగులో ‘చూద్దాం’ అంటే చాలాసార్లు కాదనే అర్థం. ఆ గుట్టు తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నేను తెలుసుకున్నాను. అతను నాది తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

అసలు సంగతి ఇక్కడుంది. మేము రెండు నియమావళులు నేర్చుకుని బతుకుతాం. ఇంట్లో సలాం, వీధిలో నమస్తే. ఇంట్లో తినేవాడి దగ్గరికి పోతే అతను ‘ఆవ్, బిస్మిల్లా కరో’ అంటాడు, మనం ‘బిస్మిల్లా, మీరు కానివ్వండి’ అని తప్పుకుంటాం. వీధిలో ‘భోంచేశారా’ అంటే అది పిలుపు కాదని, పలకరింపని తెలుసుకుంటాం. మీకు ఒక నియమావళి చాలు. ఒకటే ఉన్నవాడికి అది నియమమని కూడా తెలియదు. లోకమే అలా ఉంటుందనుకుంటాడు.

‘మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!’ అనే మెచ్చుకోలు కూడా అక్కడి నుంచే వస్తుంది. పేరు చెప్పకముందు అరగంట నాతో మాట్లాడి, పేరు చెప్పాక ఆ మాట అన్నవాళ్లను లెక్కపెట్టడం మానేశాను. మా తాతముత్తాతలు ఈ మట్టిలో కలిశారు. నేను తెలుగు మీడియంలో చదివాను. నా తెలుగు బాగుండడంలో వింత ఏముంది? ఇలాంటప్పుడు మావాళ్లు కొందరు మల్కిభరాముణ్ణి పిలుస్తారు. ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవుల్ని పోషించాడంటారు. తొలి అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్ర అమీన్ ఖాన్‌కి అంకితమంటారు. పిఠాపురం ఉమర్ ఆలీషా పేరు చెబుతారు. అన్నీ నిజాలే, గర్వపడాల్సిన నిజాలే. కానీ పక్కింట్లో కూచుని మాట్లాడడానికి నాలుగు వందల ఏళ్ల కిందటి నవాబును సాక్షిగా తెచ్చుకోవాలా? ఇంకెవర్ని అడిగారు ఇలాంటి సాక్ష్యం?

1990ల నుంచి ఈ దృశ్యం కొంత మారింది. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. 1998లో ‘జల్‌జలా’ కవిత్వ సంకలనం, 1999లో ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, 2004లో ‘వతన్’ కథల సంకలనం వచ్చాయి. వీటి గురించి విమర్శకులు ధిక్కారమన్నారు, అస్తిత్వ వేదన అన్నారు. నాకు అంతకంటే విలువైనదిగా కనిపించేది మాట. దర్గామిట్ట కతల్లో కావలి పిల్లవాడు నెల్లూరు తెలుగులో మాట్లాడతాడు. బడి, తిండి, అల్లరి, తన్నులు, నాయనమ్మ. ఆ పిల్లవాడు సాయిబని చెప్పడానికి ‘వస్తది పోతది’ అక్కర్లేకపోయింది. తెలుగు ముస్లిం తెలుగు ఎలా ఉంటుందో తెలుగు పాఠకుడు నోరారా నవ్వుకుంటూ చదివాడు. ఈసారి నవ్వింది అతనితో కలిసి.

ఒక ఫిర్యాదు ఇంకా మిగిలే ఉంది. ఒకసారి నా కథ ఒక పత్రికకు పోతే సంపాదకుడు ఫోన్ చేశాడు. ‘దస్తర్‌ఖాన్, ఖాలా, ఫుప్పూ... పాఠకుడికి అర్థం కావు, పక్కన అర్థాలు ఇవ్వండి’ అన్నాడు. ఇచ్చాను. అదే సంచికలో వేరే కథలో ఔపోశన ఉంది, మడి ఉంది, తద్దినం ఉంది. వాటి పక్కన అర్థాలు లేవు. నేను చిన్నప్పుడు అవన్నీ ఎవర్నీ అడక్కుండానే కథల్లోంచి నేర్చుకున్నాను. పాఠకుడు అంటే ఎవరన్నది ఆ అర్థాల దగ్గర తేలిపోతుంది.

ఇంత చెప్పాక మా ఇల్లు కూడా ఊడ్చుకోవాలి. హైదరాబాద్ తహజీబ్ అని మేము గొప్పగా చెప్పుకునేదాని కింద ఎవరు నలిగిపోయారు? ‘ఆప్’ అనడం రాని పల్లె ముస్లింను చూసి నవ్వింది షరీఫుల ఇళ్లే. ‘నక్కో’, ‘హౌ’ అనే మా దక్కనీని గావ్‌వాలోఁ కీ జబాన్ అని పక్కన పెట్టింది మా ఉర్దూ పండితులే. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల, నూర్‌బాషా సోదరులను ఉర్దూ రాదని, నమాజు రాదని ఎగతాళి చేసింది మేమే. మాకు జరిగిందంతా మేము మాకంటే కిందివాళ్లకు చేశాం. ఇక ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. గొంతు గడప దాటకూడదన్న నియమం ముందు మిగతా నియమాలన్నీ చిన్నవి. మగవాళ్లం మేము ఇంటా బయటా రెండు నియమావళులు మోస్తే, వాళ్లు మూడోది కూడా మోశారు.

చివరిగా ఇంకో నియమం. దీన్నీ ఎవరూ నేర్పలేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర పేలాయి. ఆ సంవత్సరం నుంచి బస్సులో ఫోన్ మోగితే నేను గొంతు తగ్గిస్తాను. అవతల అమ్మీ ఉంటుంది. ‘అస్సలాము అలైకుమ్ బేటా’ అంటుంది. నేను ‘ఆఁ, చెప్పమ్మా’ అంటాను. ఉర్దూ మాటకు పక్క సీట్లో తల తిరిగితే ఎలా ఉంటుందో ఒకసారి చూశాను. అది చాలు. అమ్మీకి తెలుగు అంతంతమాత్రం. మొదట్లో ‘క్యా హువా రే తుజే’ అనేది. తర్వాత ఆమెకే అర్థమైంది. ఇప్పుడు ‘బస్ మే హై క్యా?’ అని ముందే అడుగుతుంది. అవునంటే రెండు ముక్కల్లో ముగిస్తుంది. కన్నతల్లి సలాంకి జవాబివ్వడం మా ఇంట్లో మొదటి మర్యాద. ఆ మర్యాదను నేను బస్సులో రోజూ తప్పుతున్నాను. ఈ తప్పును కూడా మా కౌమ్ ఖాతాలోనే రాస్తారా?

లౌకిక మిత్రులు ఇలాంటప్పుడు ఒకరి పండగలకు ఒకరం పోదాం, సేమియా తిందాం అంటారు. తిందాం. కానీ ఖీర్ తినిపోయిన నలభై ఏళ్లలో మా వాకిట్లో ఎలా సెలవు తీసుకోవాలో ఎందరు అడిగారు? ఒకరి నియమాల పట్టిక ఒకరు బట్టీ పట్టాలని నేననడం లేదు. అది కుదిరే పనీ కాదు. తప్పు జరిగినప్పుడు దాన్ని చేసిన మనిషి దగ్గరే ఉంచండి. అతనితోనే చెప్పండి.

ఆ రోజు చావింట్లో ఎవరైనా నా భుజం మీద చేయి వేసి ‘ఇట్లాంటి చోట పోయొస్తా అనరు’ అని ఉంటే, సిగ్గుపడి నేర్చుకుని ఉండేవాణ్ణి. సొంతవాళ్ల పిల్లలకు అలాగే చెబుతారు. ఆ ఇంట్లో నాకలా చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ‘ఏం అల్లుడూ, తెలివి లేదా’ అని నెత్తిన ఒక మొట్టికాయ వేసేవాడు. ఆయన కోసమే ఆ రోజు వెళ్లాను.